పలకని సాకెట్

బ్రెజిల్‌లోని రెసీఫేలో కార్నివాల్ పండుగ, శనివారం మధ్యాహ్నం. వీధుల్లో ఊరు ఊరంతా డప్పుల వెంట ఊగిపోతోంది. ఏడో అంతస్తు ఆఫీసులో ఎడ్వాల్దో ఒక్కడే కూర్చుని తన తప్పు చెరుపుకుంటున్నాడు. బుధవారం తనిఖీవాళ్లొస్తారు. ఆసుపత్రి నుంచి తెప్పించిన ఈ కంప్యూటర్లో అతని పేరు దొరికిందా, జైలే.

ఎడ్వాల్దో ఆఫీసువాళ్ల పని కెర్నల్లో, అంటే కంప్యూటర్ గుండెకాయలో. బయటి పరికరాలతో అది మాట్లాడే ఒక్కో సాకెట్‌నూ కనిపెట్టి ఉండాలి, పలకనివాటిని మూసేయాలి. ఆ పని చేసే ప్రోగ్రాం రాసింది అదే ఆఫీసులోని జందీరా. మూసేముందు "ఉన్నావా?" అని ఒకసారి అడగాలని నియమం పెట్టింది.

"కొన్ని ప్రాణం మీదికొస్తేనే నోరు విప్పుతాయి బాబూ, అడక్కుండా మూయకు," అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది.

వేగం పెరుగుతుందని ఎడ్వాల్దో ఆ నియమం పీకేశాడు. పది నిమిషాలు పలక్కపోతే ఇక మూతే.

ఆ నెలలోనే జందీరా ఉబ్బసంతో, ఆ ప్రోగ్రాం నడిచే ఆసుపత్రిలోనే చేరింది. తొమ్మిదో నంబరు మంచం. పక్కనున్న పరికరం, పిల్లల వార్డులోనివాటిలాగే, ఊపిరి అందనప్పుడే కేక పెడుతుంది. పది నిమిషాలు ఊరుకుందని దాని సాకెట్ మూసుకుపోయింది. తర్వాత అది పెట్టిన కేక నర్సులకు చేరనే లేదు. మరి ఈ పెద్దమనిషి ఏం చేశాడు? ఆ మార్పు చేసింది చచ్చిపోయిన జందీరాయేనని రాసిపెట్టాడు. ఛీ.

తెరమీద ఒక వరస కదిలింది.

తొమ్మిదో మంచం. పట్టుకున్నవారు: ఒకరు.

కంప్యూటర్‌కి ఏ వైరూ తగిలించలేదు. మూశాడు. మళ్లీ వచ్చింది. ఎవరైనా పట్టుకుని ఉన్నంతసేపూ సాకెట్ చావదు, అది అతనికి తెలుసు... పట్టుకున్నదెవరు?

స్పిరిట్ వాసన. వెనక... పిల్లికూతల ఊపిరి.

"జందీరా... తప్పయిపోయింది," అన్నాడు గుసగుసగా.

"ఆ ముక్క రాయి. నీ పేరుతో."

కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. కానీ బుద్ధి మారలేదు. ఆ మార్పు తనదేనని చూపే అసలు రికార్డు చెరిపేశాడు.

వెనక ఆ ఊపిరి ఆగింది. కొత్త వరస వచ్చింది.

ఎడ్వాల్దో. పలకనిది: ఒక నిమిషం.

అరిచాడు. గొంతు రాలేదు. బల్ల గుద్దాడు. చప్పుడు లేదు. నాలుగు... ఏడు...

తలుపు తెరుచుకుంది. తోటి ఉద్యోగి క్లెబెర్, ఒళ్లంతా తళుకులు, చేతిలో బీరు.

"ఒరేయ్ ఎడ్వాల్దో! ఎక్కడ చచ్చావురా?"

సూటిగా కుర్చీ వైపే చూశాడు. చూపు అతనిలోంచి దూరిపోయింది.

"ఇదేంటి, సాకెట్‌కి వీడి పేరుంది? తొమ్మిది నిమిషాలుగా ఉలుకూ పలుకూ లేదు."

అడగరా... ఒక్కసారి ఉన్నావా అని అడుగు! ఎడ్వాల్దో క్లెబెర్ చొక్కా పట్టుకుని లాగాడు. గుడ్డ కదల్లేదు. అడక్కుండా మూసేయడం ఆఫీసులో అందరికీ నేర్పింది తనే.

క్లెబెర్ మీట నొక్కాడు.

గుండెల్లో ఏదో తెగింది. వరస పోయింది... తిరిగొచ్చింది. పట్టుకున్నవారు: ఒకరు.

"చావదేంట్రా ఇది!" క్లెబెర్ నవ్వుకుంటూ తాళం వేసుకుని వెళ్లిపోయాడు.

ఎడ్వాల్దో కుడి మణికట్టు చుట్టూ చల్లటి వేళ్లు. జందీరావి. చావనివ్వదు, బతకనివ్వదు.

తెరమీద అంకె మారింది. ఇద్దరు.

ఎడమ చేతిని ఇంకెవరో పట్టుకున్నారు... చాలా చిన్న వేళ్లు. పసిపిల్లవి.