ఆరు విమానాల మీద కన్ను

ఉదయం ఎనిమిది పది. ఫైలు ఎగిరిపోయింది.

విమానాల ఆఫీసులో ఫైలు ఎగరడం వింతేముందని ఇన్‌స్పెక్టర్ మొదట నవ్వుకున్నాడు. పది నలభైకి ఆ నవ్వు కాస్తా ల్యాండయింది. పదకొండింటికి సంతకాలు. ఇంకా ఇరవై నిమిషాలే టైముంది.

తోడల్లుళ్లిద్దరికీ చెరో చౌక విమానాల కంపెనీ. పెద్దల్లుడికి ముప్పై జెట్లు, పీకల్దాకా నష్టం. చిన్నల్లుడికి ఆరు ప్రొపెల్లర్ విమానాలు, ఏటా లాభం. రెండూ కలిపేద్దామని పెద్దల్లుడి పట్టు. విలీనమంటే వీలైనంత మింగడమని ఆయన నిఘంటువు.

వద్దే వద్దంటూ చిన్నల్లుడి కంపెనీలో ప్లాన్లు వేసే ప్లానర్ నలభై పేజీలు రాసింది. కంప్యూటర్లో పెడితే లీకవుతుందని చేత్తో రాసింది. ఆమె టీకి వెళ్లొచ్చిన పది నిమిషాల్లో కాన్ఫరెన్స్ టేబుల్ మీది ఫైలు, చిన్నల్లుడు చదవకముందే మాయం.

"ఈవిడే అమ్ముకుని ఉంటుంది. ముందు ఈమె ఉద్యోగం పీకెయ్ తమ్ముడూ, తర్వాత సంతకం పెట్టు," అన్నాడు పెద్దల్లుడు.

చిన్నల్లుడు పెన్ను క్యాప్ తీశాడు. ప్లానర్ కళ్లలో నీళ్లు. పన్నెండేళ్ల సర్వీసు గాల్లో కలిసేలా ఉంది.

"ఫైల్లో ఏముందమ్మా?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"రెండు రకాల విమానాలు సార్. రెండు రకాల స్పేర్ పార్టులు, రెండు ట్రైనింగులు. వాళ్ల పైలట్ మా విమానం నడపలేడు. కలిస్తే పెరిగేది ఒళ్లే, బలం కాదు. మునిగేవాడు ఈతగాడి మెడ పట్టుకుంటే ఇద్దరూ మునుగుతారు."

"చూశారా దాని నోరు!" పెద్దల్లుడి మొహం కందగడ్డయింది.

"తమరెప్పుడొచ్చారు సార్?" ఇన్‌స్పెక్టర్ అతని వైపు తిరిగాడు.

"ఎనిమిదిన్నరకి దిగాను, తమ్ముడి ఫ్లైట్లోనే. ఇదిగో ఫోన్లో బోర్డింగ్ పాస్. ఏడు బి."

"ప్రయాణం సుఖంగా జరిగిందా?"

"ఏం సుఖం! నడిమి సీటు. అటో బస్తా, ఇటో బస్తా. గంటసేపు రోట్లో తలపెట్టినట్టే."

ఇన్‌స్పెక్టర్ తలూపాడు. కిటికీలోంచి రన్‌వే వైపు చూశాడు. చిన్నల్లుడి విమానమొకటి రెక్కల పంకాలు తిప్పుకుంటూ బయల్దేరుతోంది.

పది యాభై రెండు. అందర్నీ టేబుల్ చుట్టూ కూర్చోబెట్టాడు.

"పెద్దాయనగారూ, మీ జెట్లో వరసకి ఆరు సీట్లు. బి అంటే నడిమిదే. మీ తమ్ముడి విమానంలో అటు రెండు, ఇటు రెండు. నడుమ దారే ఉంటుంది, నడిమి సీటుండదు. మీరు టికెట్ కొన్నారు, ఫోన్లో చెకిన్ చేశారు, విమానం మాత్రం ఎక్కలేదు. అంతకుముందే ఊళ్లో ఉన్నారు. ఎయిర్‌పోర్టు నుంచి ఎక్కినవాళ్ల లిస్టు వచ్చేలోగా సంతకాలైపోతాయని మీ లెక్క. బ్రీఫ్‌కేసు తెరవండి."

నలభై పేజీలూ బయటికొచ్చాయి.

"ఎందుకన్నయ్యా?" చిన్నల్లుడు పేజీలు దగ్గరికి లాక్కున్నాడు.

"భోజనానికి కూర్చుంటే చాలు, మామగారు మొదలుపెడతారు. 'చిన్నోడు ఆరింటితోనే లాభం తీస్తున్నాడు, నీ ముప్పై ఏం చేస్తున్నాయ్?' అని. ముద్ద దిగదు. కలిపేస్తే ఎవరి లాభమో ఎవరికి తెలుస్తుంది?"

ఇన్‌స్పెక్టర్ చిన్నల్లుడి వైపు తిరిగాడు. "లాభాల్లో ఉన్నారు కదా, మీరెందుకు ఒప్పుకున్నారు?"

చిన్నల్లుడు పెన్నుకి క్యాప్ పెట్టేశాడు. "నాతో మామగారు, 'పెద్దోడికి ముప్పై, నీకు ఆరేనా?' అంటారు సార్. రెండేళ్లుగా నిద్ర లేదు."

తోడల్లుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు చిన్నల్లుడు ప్లానర్‌తో, ఫైలు ఆమె చేతికిస్తూ. "మా ఇద్దరికీ చదివి వినిపించు. నెమ్మదిగా."

"కేసు పెడతారా?" అడిగాడు పెద్దల్లుడు తలొంచుకుని.

"పెడితే మీ మామగారి మీదే పెట్టాలి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ టోపీ సర్దుకుంటూ. "ఏ సెక్షన్ కిందా దొరకడంలేదు పెద్దమనిషి."