వల్పురి ఖాళీ ఒర

"నీ కత్తి తీసుకో. పొరపాటున నా ఒరలో పడ్డట్టుంది."

చర్చి మెట్ల మీద వల్పురి ఆ మాటంటే, దీవి నుంచి ఆ ఊరికి పనికొచ్చిన తహ్వో నవ్వాడు.

ఫిన్లాండు తీరంలో, పొగబండి పేరైనా ఎవరూ వినని రోజులవి. ఆ ఊరి పెళ్లీడు ఆడపిల్లలు ఆదివారం నడుముకు ఖాళీ ఒర వేలాడేసుకుని చర్చికి వస్తారు. మనసుపడ్డవాడు అందులో తన కత్తి దూరుస్తాడు. మరుసటి ఆదివారానికీ అది ఒరలోనే ఉంటే పెళ్లి ఖాయం. వల్పురి ఒరలో సాలీడు కాపురం పెట్టి మనవల్ని కూడా ఎత్తిందని చెప్పుకునేవాళ్లు. మనవల సంగతి మాత్రం అబద్ధం.

"పొరపాటేం కాదు, చూసే పెట్టాను," అన్నాడు తహ్వో.

"సరిగ్గా చూళ్లేదు. నా మొహం చూడు."

"చూశాను. వాన మొదలైనప్పుడు సముద్రం మీద చినుకులు పడ్డట్టుంటుంది."

ఆమెకు నవ్వొచ్చింది. మింగేసింది.

పసితనంలో ఒక్క చలికాలంలోనే మశూచి, తట్టు, కోరింత దగ్గు ఆ ఇంటిమీద పడ్డాయి. తోడబుట్టినవాళ్లంతా పోయి ఆమె ఒక్కతే మిగిలింది. "లోపలంతా జబ్బులే తినేశాయి. ఎక్కువకాలం బతకదు, బిడ్డను మోయదు," అని ఊరి ఆడవాళ్లు తేల్చేశారు. వల్పురీ నమ్మింది. అమ్మానాన్నా పోయాక ఆవుతోనే మాట్లాడేది.

"జబ్బెరగని పిల్లను చూసుకో తహ్వో. మీ దీవిలో లేరా?"

"మా దీవిలో ఒడ్డెక్కి పడుకునే సీల్ జంతువులే ఉన్నాయి. కత్తిస్తే తిరిగివ్వవు. జబ్బు పడవెక్కి వస్తే మా అమ్మ చీపురు తిరగేసి వెనక్కి పంపేది." కత్తి అందుకున్నాడు. "వచ్చే ఆదివారం మళ్లీ పెడతా."

ఆ ఆదివారం అతను రాలేదు. మనసు మార్చుకున్నాడనుకుని ఆమె వానలో ఒంటరిగా ఇల్లు చేరింది.

మర్నాడు బావి దగ్గర తహ్వో పనిచేసే ఇంటి యజమానురాలు బ్రిటా కనిపించింది. "చేపల పడవలో తట్టు దిగిందమ్మా. తహ్వోను ఆవిరి స్నానాల కొట్టులో పడుకోబెట్టాం. ఎద్దులాంటివాడు, గుమ్మం దాకా రాలేకపోతున్నాడు. నాకెప్పుడూ తట్టు రాలేదు, లోపలికెళ్లాలంటే భయం. జావ గడప మీద పెట్టి పారిపోతున్నా."

"నాకు చిన్నప్పుడే వచ్చిపోయింది, మళ్లీ రాదు," అంది వల్పురి. ఆ మాట తలదించుకోకుండా అనడం అదే మొదటిసారి.

కొట్టు తలుపు తెరవగానే తహ్వో మొహం దుప్పట్లో దాచుకున్నాడు. "చూడకు."

"చూశాను. నీ సముద్రం మీదా చినుకులు బాగానే పడ్డాయి."

జావ తాగించింది. నీళ్లు మోసింది, కట్టెలు కొట్టింది. మూలుగుతూ అతనడిగాడు: "నీ లోపల ఏమీ మిగల్లేదని ఊరంటుంది. మరి ఆ బాల్చీలు ఎవరు మోస్తున్నారే పిల్లా?"

ఆమె చేతిలోని బాల్చీ వంక చూసింది.

కోలుకున్నాక తహ్వో కర్ర పట్టుకుని చర్చికొచ్చాడు. కత్తి ఒర అంచుకు తగిలి జారింది. వల్పురి అతని మణికట్టు పట్టుకుని సరిచేసింది.

"ఎన్నాళ్లుంటానో తెలీదు తహ్వో."

"నాకు మాత్రం తెలుసా? మొన్న పోయేవాణ్ణే."

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె అర మీంచి పుల్లపెరుగు గిన్నెలు రెండు దించింది. ఒకటి ఎదురుగా తహ్వో కోసం పెట్టింది. వచ్చే ఆదివారం పెళ్లి ఖాయమయ్యేదాకా అటు ఎవరూ కూర్చోరని తెలుసు. అయినా ఆ గిన్నె తియ్యలేదు, నడుముకున్న కత్తి ఒరా విప్పలేదు.