మాటల్లేని చోట అక్షరాలు

మా బావని తిట్టడం మహా సులువు. అటు తిరిగితే చాలు. వర్క్‌షాపులో కంప్రెసర్ పేలి రెండు చెవులూ పోయాక, ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నాడు. అందుకే నేను మానిటర్ వైపు తిరిగి, “ఇంత దుమ్ములో ఈ కంప్యూటర్ ఇంకా బతికుందంటే, నీకంటే మొండిది బావా” అన్నాను.

“తిట్టావు కదూ?” అని అరిచాడు వెనకనుంచి. తన గొంతు తనకే అందదు కాబట్టి ఏం మాట్లాడినా అరుపే.

“పొగిడాను” అన్నాను ఇటు తిరిగి.

“నీ భుజాలు నవ్వుతున్నాయే, మరదలా!”

సెలవు రోజు మధ్యాహ్నం. అక్క ఆస్పత్రిలో డ్యూటీకి వెళ్లింది. వాళ్ల మూడేళ్ల కూతురు, మేమంతా పిచ్చుక అంటాం, పక్క గదిలో నిద్రపోతోంది. ఫోన్లలో, పెన్‌డ్రైవుల్లో చెల్లాచెదురుగా ఉన్న ఇంటి వీడియోలన్నీ పాత కంప్యూటర్లోకి ఎక్కించి, దాన్నే సర్వర్ చేసి, టీవీలో ఎప్పుడంటే అప్పుడు చూసుకునేలా అమర్చడం నా పని. అసలు సంగతి మాత్రం వేరు. సర్వర్ ప్రతి వీడియోలోని మాటలూ విని, తెర కింద అక్షరాలుగా వేస్తుంది. పిచ్చుక పుట్టేనాటికే బావకి వినికిడి లేదు. దాని ముద్దు మాటలు పెదాల మీద దొరకవు.

“అది ఏమంటుందో ఒక్కసారి చదువుకుంటా” అన్నాడు పొద్దున్న.

మొదటి వీడియోలో పిచ్చుక టబ్బులో కూర్చుంది. కింద అక్షరాలు పడ్డాయి: *నాన్నకీ సబ్బు రుద్దు. నాన్న కంపు.*

బావ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. “నిజంగా అదే అందా?”

“అక్షరం పొల్లుపోలేదు. పిల్ల అబద్ధమాడదు బావా.”

ఎండ పడకుండా కర్టెన్లు లాగి తర్వాతది పెట్టాను. పిచ్చుక నేల మీద చెక్కముక్కలు పేరుస్తోంది. ఫ్యాన్ కిర్రుమంటోంది. అంతే. కింద మాత్రం...

*వాడికి వినపడదు.*

బావ నా వైపు తిరిగాడు. “ఎవరన్నారు?”

సౌండ్ పెంచాను. ఫ్యాన్. చెక్కముక్కలు. “ఎవరూ అనలేదు. చప్పుడు లేకపోతే ఇది సొంత కవిత్వం మొదలుపెడుతుంది. నీలాగే.”

బావ నవ్వలేదు. తెర మీద పిచ్చుక తలెత్తింది. కెమెరా వైపు కాదు. దానికి కాస్త పైకి, తీస్తున్న మనిషి భుజం వెనక్కి చూసింది.

*నువ్వు మాత్రం విను.*

“ఊ” అంది పిచ్చుక. అది నాకు వినపడింది.

తర్వాతది బాల్కనీలో. మళ్లీ అదే చూపు.

*మీ నాన్నకి చెప్పకు.*

“చెప్పను” అంది పిచ్చుక.

“ఇవన్నీ నేనే తీశాను.” బావ చెయ్యి మెల్లగా తన భుజం మీదికి పోయింది. “అప్పుడు ఇంట్లో మేమిద్దరమే...”

తడిబట్టలు మురిగిన వాసన గదిలోకి వచ్చింది. సర్వర్ లోపలి ఫ్యాన్ రొప్పుతోంది. ఆపు బటన్ నొక్కాను. బొమ్మ ఆగింది. అక్షరాలు ఆగలేదు.

*ఆపితే ఆగుతామా?*

*ఏదీ మరదలా, అటు తిరిగి తిట్టు చూద్దాం.*

ప్లగ్గులన్నీ పీకేశాను. పక్క గదిలోకి పరుగెత్తాను. పిచ్చుక మంచం మీదే ఉంది. నోట్లో బొటనవేలు. వెచ్చటి ఒళ్లు. ఎత్తుకుని బావ ఎదుట నిలబడి, పెదాలు విడదీసి ఒక్కో మాటా చెప్పాను. “అక్క... దగ్గరికి... పోదాం.”

మెట్లు దిగి వీధిలోకి వచ్చాం. ఎండ. మనుషులు. పక్కింటివాళ్ల కారు కడుగుతున్న నీళ్లు. నాకు ఊపిరాడింది. బావ స్కూటర్‌లో తాళంచెవి పెట్టాడు.

ఆగాడు.

తల పైకి తిప్పాడు. చప్పుడు విన్నవాళ్లు తిప్పినట్టు.

“మరదలా...” మొహమంతా వెలుగు. “నాకు వినపడుతోంది. పిచ్చుక పిలుస్తోంది.”

పిచ్చుక నా భుజం మీద నిద్రపోతూ వేలు చప్పరిస్తోంది.

“ఇదిగో ఇక్కడుంది బావా! నా మొహం చూడు!”

చూడలేదు. పైన తన ఇంటి కిటికీ వైపే కళ్లు. “ఎంత సన్నటి గొంతే దానిది... ఏడుస్తోంది. వదిలేసి వచ్చామట.”

చొక్కా పట్టుకుని లాగాను. వేళ్లు విడిపించుకున్నాడు. “వస్తున్నా తల్లీ” అన్నాడు. అరవలేదు. చెవి దగ్గర చెప్పినట్టు, మెత్తగా, గుసగుసగా. మెట్లెక్కి వెళ్లిపోయాడు.

పిల్లతో పైకి పోలేను. బావని వదిలి కదల్లేను. అక్కకి ఫోన్ చేశాను. మోగుతోంది... ఎత్తలేదు.

పైన తలుపు మూసుకుంది. కిటికీలోంచి బావ మాటలు. ఎవరో అడుగుతుంటే ఆగి ఆగి జవాబిస్తున్నాడు.

“అవును తల్లీ... లేదు, వెళ్లలేదు... పిన్ని కిందే ఉంది.”

కర్టెన్ కాస్త పక్కకి జరిగింది.

“ఏమో తల్లీ. ఎవరి పిల్లనో ఎత్తుకుంది.”

నా చెవి పక్కన, వేలు చప్పరింపు ఆగిపోయింది.