రెండు నోళ్ళకి ఒకటే వైరు

"పిలిచిందెవరే పిల్లా, వాన వాకిట నిలబడి...
పిలిచింది నేనే అక్కా, దోసిట నీళ్ళు పట్టుకుని..."

చిన్నప్పుడు మా ఊరు మాంపోంగ్‌లో ఆడపిల్లలం ఎదురెదురుగా నిలబడి, చప్పట్లు కొట్టి ఎగురుతూ పాడుకున్న పాట ఇది. ఇంకో చరణం ఉండాలి. పిలిచిన వాళ్ళని తిరిగి ఇంటికి పంపేసే చరణం. అది మాత్రం ఎంతకీ గుర్తు రావడం లేదు.

నా మనవరాలు దుఫీకి బస్టాండు పక్కన చిన్న కొట్టుంది. చావు సినిమాలు చేస్తుంది. ఎవరైనా పోతే వాళ్ళ ఫోటోలూ పాత వీడియోలూ కలిపి, పాట పెట్టి, పూడ్చే రోజున పందిట్లో పెద్ద తెర మీద వేస్తారు. అది లేకుండా మా ఊళ్ళో ఎవరినీ సాగనంపరు. మధ్యాహ్నాలు నేనూ ఆ కొట్లోనే కూచుంటాను. అరవై మూడో ఏట చర్చి బడిలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని కదా, కనబడ్డ కాగితమల్లా వేలు పెట్టి చదువుతూ ఉంటాను.

దుఫీకి ఆ పని నేర్పింది బరిమా. మూడు వారాల కిందట తన కంప్యూటర్ ముందు కుర్చీలోనే పోయాడు. గుండె అన్నారు. శవం ఇంకా ఆసుపత్రి చల్లగదిలో ఉంది. శనివారం పూడ్చాలి. అతని భార్య అచియా వచ్చి, "ఆయన సినిమా నువ్వే చెయ్యాలమ్మా" అని, బరిమా మిషన్లోంచి తీయించిన పెద్ద గ్రాఫిక్స్ కార్డు దుఫీ చేతిలో పెట్టింది. దుఫీ పాత కార్డుకి అంత సినిమా మొయ్యడం రాదు.

ఇటుకంత కార్డు అది. కరెంటు అందుకోవడానికి దానికి రెండు నోళ్ళు. ఉన్న పవర్ సప్లై పెట్టె చాలదని, గురువారం పొద్దున దుఫీ మార్కెట్లో ఎవరో వాడేసిన పెట్టె కొనుక్కొచ్చింది. మీద ఏడువందల యాభై వాట్లని చీటీ. నేను చేత్తో ఎత్తి చూశాను. ఖాళీ పాలడబ్బాలా తేలిపోయింది. చీటీ మూల గోరుతో గీకాను. కింద ఇంకో చీటీ ఉంది. నాలుగు... సున్న... సున్న.

"ఏమే, ఇది దొంగ పెట్టె."

"నీకు చదువొచ్చిన దగ్గర్నించీ నాకు మనశ్శాంతి లేదు అమ్మమ్మా. శనివారం దాకా నడిస్తే చాలు."

"అమ్మినవాణ్ణి అడగలేదా?"

"వాళ్ళు నిజం చెప్పడం మొదలెడితే మార్కెట్ మూసుకోవాలి."

ఆ పెట్టెకి కార్డు కోసం ఉన్నది ఒక్క వైరే. దాని కొస చీలి రెండయింది. ఆ రెండు కొసల్నీ రెండు నోళ్ళలో పెట్టేసింది. బరిమా బతికుంటే తిట్టేవాడు. ఆ కొట్లోనే ఎన్నోసార్లు విన్నాను: "ఒక్కో నోటికీ పెట్టె నుంచి వేరే వైరు రావాలి దుఫీ. ఒకటే వైరు రెండింటికీ ఇచ్చావా, కాగుతుంది, కరుగుతుంది. తరవాత కొట్టు. తరవాత నువ్వు." అతని పని అంత శుభ్రం. ప్రతి వైరునీ చుట్టగా చుట్టి దారంతో కట్టేవాడు. మూడు చుట్లు, రెండు ముళ్ళు, కొసలు లోపలికి.

మూడు గంటలకి వాన పట్టుకుంది. జల్లు కొడుతోందని షట్టర్ జానెడు ఎత్తు దాకా దించాం. కొత్త పనికి ముందు గడపలో నీళ్ళు పోసి పోయిన పెద్దల్ని పిలవడం నాకు అలవాటు. మా అమ్మ పేరు చెప్పాను. మేనమామ పేరు చెప్పాను. దుఫీ మీద బెంగ కొద్దీ ఇంకో పేరు కూడా నోట్లోంచి జారింది.

"బరిమా, ఈ పిల్లకి కాపలా ఉండు నాయనా."

నీళ్ళు నేల మీద పడ్డాక నాలిక కరుచుకున్నాను. ఇంకా పూడ్చనివాణ్ణి నీళ్ళు పోసి పిలవకూడదు. అతనికి పెద్దల్లో ఇంకా చోటుండదు. పిలిస్తే తిన్నగా పిలిచిన చోటికే వస్తాడు.

దుఫీ మిషన్ వేసింది. ఫ్యాన్లు తిరిగాయి. సినిమా మెల్లిగా తయారవుతోంది. పావుగంటకి కాగిన ప్లాస్టిక్ వాసన మొదలైంది. సన్నగా. నేను నోరు తెరిచేలోపు వీధి వీధంతా కరెంటు పోయింది.

చీకటి. రేకుల మీద వాన. ఆ వాన కింద... ఇంకో చప్పుడు.

"దుఫీ, అది ఆపు."

"ఆపడానికేముంది? కరెంటే లేదుగా."

మిషన్లో ఫ్యాన్ తిరుగుతోంది.

గోడ తడుముకుంటూ వెళ్ళి ప్లగ్గు పీకేశాను. ప్లగ్గు నా చేతిలోనే ఉంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. కాగిన వాసన చిక్కబడింది. దాని వెనకే ఇంకోటి... ఆసుపత్రి చల్లగది మందు వాసన. నా పాదాలకి చలి తగిలింది.

"ఆ వైరు లాగేస్తా," అంది దుఫీ. చెయ్యి చాపిన గాజుల చప్పుడు.

"ముట్టుకోకు."

అన్నది నేను కాదు.

టక్... ఒక కొస ఊడింది. టక్... రెండోది. తరవాత ఎవరో నా చెవి దగ్గరికి వంగారు. ఒక మాట చెప్పారు. ఫ్యాన్ ఆగిపోయింది.

షట్టర్ ఎత్తి చూశాం. వైరు బల్ల మీద ఉంది. ఒక కొస కొవ్వొత్తిలా కరిగిపోయి ఉంది. వైరుని చుట్టగా చుట్టి, ఎర్ర దారంతో కట్టి ఉంది. మూడు చుట్లు, రెండు ముళ్ళు.

దుఫీ అప్పటికప్పుడే గొడుగు తీసుకుని పోయి, రెండు చేతులా ఎత్తాల్సినంత బరువైన కొత్త పెట్టె తెచ్చింది. దానికి రెండు వైర్లు, విడివిడిగా. సినిమా పూర్తయింది. శనివారం బరిమాని పూడ్చాం. ఆ మట్టి మీద నీళ్ళు పోసి, "పిల్ల క్షేమంగా ఉంది, ఇక వెళ్ళు నాయనా" అని చెప్పాను.

సోమవారం పొద్దున దుఫీ ఫోను వైరుకి ఎర్ర దారం ఉంది. బుధవారం ఇస్త్రీ పెట్టె వైరుకి. అచియాకి చూపించాను. వేళ్ళతో నలిపి చూసింది. "ఇది ఆయనకి కప్పిన బట్టలోది పెద్దమ్మా. అంచు నేనే కుట్టాను. అది ఆయనతోనే మట్టిలోకి పోయింది," అంది.

ఇవాళ పొద్దున దుఫీ నిద్ర లేచేసరికి దారం తన మణికట్టుకి ఉంది. మూడు చుట్లు, రెండు ముళ్ళు, కొసలు లోపలికి.

నేను పొద్దుటి నుంచీ ఆ మూడో చరణం వెతుక్కుంటున్నాను. చీకట్లో నా చెవిలో చెప్పిన మాట ఇంతవరకూ దుఫీకి చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

"కాపలా ఉండమన్నావు పెద్దమ్మా. ఎన్నాళ్ళో చెప్పలేదు."