గరాచర్మలో పేరు లేని పరికరం

"ఏసీలో గ్యాస్ లీకవుతోంది," అన్నాడు ఫోన్‌లో చీఫ్ శంకరరావు.

యుగంధర్ చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. వాళ్ళ గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ఆ మాటకి ఒకటే అర్థం: రహస్యం బయటికి పొక్కింది. ఫోన్ పట్టుకుని ఇంట్లోంచి బస్‌స్టాప్ దాకా నడిచాడు.

"ఇప్పుడు చెప్పండి సార్. ఎక్కడ?"

"నీ ఇంట్లోనే. దానయ్య ఈ సాయంత్రం ఏ దీవికి వెళ్తున్నాడో విదేశీ ముఠాకి తెలిసిపోయింది. స్పీడ్‌బోట్‌తో అక్కడ కాచుకున్నారు. వాళ్ళ వైర్‌లెస్ మాటలు మనవాళ్ళు విన్నారు. ఆ దీవి పేరు నువ్వు నిన్న నీ హాల్లో కూర్చుని నాతో అన్నావు."

దానయ్య పక్కింటి జాలరి. చేపలవేటలో ముఠా పడవల్ని కనిపెట్టి చెప్పే మనిషి. నలుగురున్న ఇల్లు అతని రెక్కల మీదే నడుస్తోంది.

"ఇప్పుడే ఆపేస్తాను సార్."

"ఆగు. ముందే ఆపితే వాళ్ళకి అనుమానం వచ్చి మాయమవుతారు. మొదట ఆ దొంగచెవిని పట్టుకో. తర్వాత దానయ్య పడవలో మన కోస్ట్‌గార్డ్ కుర్రాళ్ళు వెళ్తారు. అతను ఇల్లు కదిలేలోగా దొరక్కపోతేనే ఆపు."

యుగంధర్ ఇంటికొచ్చి తలుపేసుకున్నాడు. నాలుగేళ్ళుగా అతను ఈ దీవుల్లోని గరాచర్మ ఊళ్ళో ఏసీలు బాగుచేసే మనిషి. వేషం ఎంత బాగా అతుక్కుందంటే, అసలు పేరుతో పిలిచే మనిషి ఒక్కరే మిగిలారు. వీధంతా 'ఏసీ భయ్యా' అంటుంది. చుట్టాలకి చిరునామా తెలియదు. జ్వరమొస్తే తన నుదుటి మీద తనే చెయ్యి వేసుకోవాలి.

ఏసీ గేజ్‌లో దాచిన, దొంగ మైకుల్ని పసిగట్టే బగ్ డిటెక్టర్‌తో గోడలన్నీ తడిమాడు. అది రూటర్ సిగ్నల్ తగిలినప్పుడల్లా కూసి ఊరుకుంది. ఇక లాభం లేదని ఫోన్‌లో రూటర్ యాప్ తెరిచాడు. ఇంటి వైఫై ఎక్కిన పరికరాలన్నీ అందులో కనిపిస్తాయి.

సీతాలు. చిట్టిబాబు. ప్రమోద. దానయ్య.

అన్నీ వీధివాళ్ళ ఫోన్లే. నెట్ గగనకుసుమమైన రోజుల్నుంచీ దీవుల్లో ఒక అలవాటు మిగిలిపోయింది: ఒకరింట్లో నెట్ బాగుంటే అది వీధి మొత్తానిదీ. ఇవ్వనంటే నలుగురి నోళ్ళలో పడతాడు, గూఢచారికి అది చేటు. చీఫ్‌కి అలాగే చెప్పాడు. అసలు సంగతి, పాస్‌వర్డ్ కోసమైనా ఎవరో ఒకరు తలుపు కొడతారని ఆశ. సాయంత్రాలు ఆ పేర్లు ఒక్కొక్కటే వెలుగుతుంటే చూస్తూ కూర్చునేవాడు. ప్రమోద బస్సు దిగింది, చిట్టిబాబు కొట్టు కట్టేశాడు అనుకునేవాడు. అదే అతని సంసారం.

ఆ పేర్ల కింద, అతను ఎన్నడూ పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. పేరు లేదు, కంపెనీ తెలియదు, అంకెలూ అక్షరాలూ కలిసిన గుర్తొకటే. వీధంతా నిద్రపోయినప్పుడు కూడా అది మేలుకునే ఉన్నట్టు యాప్ చెబుతోంది. దాని వెనక ఎవరి చెయ్యి ఉంది? పాస్‌వర్డ్ వీధిలో అందరికీ తెలుసు. సీతాలు మంచి మనిషి, అడిగితే గాలికి కూడా చెప్పేస్తుంది.

యుగంధర్ పాస్‌వర్డ్ మార్చేశాడు. పేర్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

నెట్ పోయినవాళ్ళు తలుపు కొడతారు. జాబితాలో ఫోన్ లేని మనిషి ఎవరైనా వచ్చి నెట్ సంగతి ఎత్తితే, ఆ పేరు లేనిది వాళ్ళదే. కుర్చీలో కూర్చుని కాచుకున్నాడు.

ముందు ప్రమోద వచ్చింది. తర్వాత చిట్టిబాబు. ఆ వెనకే దానయ్య పెళ్ళాం సీతాలు, చేతిలో చేపల పులుసు గిన్నెతో.

"ఏటయ్యింది భయ్యా? నెట్ బంద్ అయిపోనాది!"

"మరమ్మతు దీదీ. కాసేపాగు. దానయ్య బయల్దేరాడా?"

"సంచీ సర్దుతున్నాడు."

పొద్దు వాలుతోంది. అప్పుడు తలుపు మీద రెండు మెత్తని దెబ్బలు పడ్డాయి. ఆ చప్పుడు అతనికి తెలుసు. నాలుగేళ్ళలో ఆ చప్పుడు కోసం ఎన్ని సాయంత్రాలు చెవులు రిక్కించాడో! ఇవాళ మాత్రం, దేవుడా ఆమె కాకూడదు అనుకున్నాడు.

జాహ్నవి. సముద్రపు రంగు చీర, తల మీదికి నెట్టిన నల్ల కళ్ళద్దాలు. ముఠా నడిపే డైవింగ్ కంపెనీలో పనిచేస్తూ అక్కడి కబుర్లు డిపార్ట్‌మెంట్‌కి చేరవేసే మనిషి. అతన్ని అసలు పేరుతో పిలిచేదీ, పుట్టినరోజు గుర్తుపెట్టుకుని గవ్వల ల్యాంప్ కానుక తెచ్చిందీ ఆమె ఒక్కతే. ఆ ల్యాంప్ హాల్లో టీవీ పక్కనే ఉంది.

"ఇటుగా వెళ్తూ ఆగాను, యుగంధర్ గారూ. మీ వైఫై పోయిందా?"

ఆమె లోపలికొచ్చాక యుగంధర్ తలుపు చేరవేశాడు.

"మీ ఫోన్ నా వైఫై ఎప్పుడూ ఎక్కలేదు కదా, జాహ్నవీ. పోయిందని మీకెలా తెలిసింది?"

ఆమె చూపు ల్యాంప్ మీదికి పోయి వచ్చింది. అంతే చాలింది.

"మీరు ఎవరికీ పాస్‌వర్డ్ కాదనలేరు," అంది నెమ్మదిగా. "ఈ వృత్తికి పనికిరాని మనసు మీది." చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళింది. సైలెన్సర్ బిగించిన చిన్న పిస్తోలు బయటికొచ్చింది. వేలు ట్రిగ్గర్ మీద బిగుస్తోంది.

దడాలున తలుపు తెరుచుకుంది.

"భయ్యా! ఏటిది అన్యాయం? దరియాలో పడవ మీద సూద్దామని సినిమా దించుకుంతంటే సగంలో ఆగిపోనాది!" భుజాన వల, చేతిలో ఫోన్‌తో దానయ్య.

ఆమె ఉలిక్కిపడి అటు చూసింది. యుగంధర్ ఆమె మణికట్టు ఒడిసిపట్టి విరిచాడు. గుండు పైకప్పులోకి పోయింది. పిస్తోలు నేలపడింది. ఆమె చేతులు ఏసీ వైరుతో కట్టేశాడు.

దానయ్య నోరు తెరిచాడు. "ఇదేటి భయ్యా?"

"ఈ రోజు వేట లేదు దానయ్యా. నీ పడవ ఒక్క పూట మాకియ్యి."

చీకటి పడుతుండగా ఆ పడవ దీవి చేరింది. దానయ్య చొక్కాలూ లుంగీలూ కట్టుకున్న కోస్ట్‌గార్డ్ కుర్రాళ్ళు, చంపడానికి వచ్చిన స్పీడ్‌బోట్‌ని తాళ్ళేసి లాక్కొచ్చారు. గవ్వల ల్యాంప్ పగలగొడితే లోపల వేలిగోరంత మైకు కనిపించింది. యుగంధర్ గవ్వలన్నీ ఏరి ఒక డబ్బాలో పోశాడు. ఎందుకో పారేయలేకపోయాడు.

"లీక్ ఆగింది సార్," అన్నాడు ఫోన్‌లో.

"శభాష్. ఇకమీదట నీ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకు. ఇది ఆర్డర్."

"యస్ సార్."

యాప్ తెరిచాడు. జాబితాలో ఒకే ఒక్క పేరు, తనది. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదనిపించింది. ఏడవాలనిపించి, కూర్చుని చల్లారిన చేపల పులుసు తిన్నాడు.

తలుపు చప్పుడయింది. ఖాళీ గిన్నె కోసం సీతాలు. వెనకాల దానయ్య, ప్రమోద, చిట్టిబాబు, అందరి చేతుల్లోనూ ఫోన్లు.

"నెట్ వచ్చిందా భయ్యా?"

దేశ రహస్యాలు దాచడంలో డిపార్ట్‌మెంట్‌లో యుగంధర్‌ని మించినవాడు లేడు. కొత్త పాస్‌వర్డ్ మాత్రం వీధి చివరి ఇంటికి కూడా వినబడేలా చెప్పాడు.