సుల్తాన్ అడిగిన మాట

కారేపల్లి దాటి అడవి వైపు పోయే రోడ్డులో, జామాయిల్ తోట అంచున ఒక పెంకుటిల్లు ఉంది. దానికి మంచి పేరు లేదు. ఎందుకు లేదని అడిగితే మాత్రం తలొక కథ చెబుతారు. అందులో ఎవరో ఉరేసుకున్నారని ఒకరు, కాదు, లారీ డ్రైవర్ తాగి పడి చచ్చాడని ఇంకొకరు, అసలు ఇల్లు కట్టకముందు అది శ్మశానమని మరొకరు. ఇన్ని దెయ్యాలు సర్దుకోవాలంటే ఆ రెండు గదులూ వంటిల్లూ చాలవు.

అందరూ ఒప్పుకునే సంగతి ఒక్కటే — చీకటి పడ్డాక ఆ ఇంట్లో ఎవరైనా పిలిస్తే పలకకూడదు.

అలాంటి ఇంట్లో మురళీకృష్ణ భార్యతో సహా కిరాయికి దిగాడు. వ్యవసాయ శాఖలో ఉద్యోగం. రైతులకు ఎరువుల గురించి ఎంత చెబుతాడో, మూఢనమ్మకాల గురించి అంతకు రెట్టింపు చెబుతాడు. దెయ్యం ఉందన్నవాళ్లను ఫోటో చూపించమని అడుగుతాడు. ఇవన్నీ పగటిపూటే అడుగుతాడని ఆయన భార్య సుజనకు మాత్రమే తెలుసు.

దిగిన కొన్నాళ్లకే వైరా నుంచి స్నేహితుడు నాగచైతన్య పంజరంతో సహా ఒక చిలుకను తెచ్చి ఇచ్చాడు. రామచిలుక కాదు. బూడిద రంగు ఒళ్లు, ఎర్ర తోక, ఎక్కడిదో విదేశీ జాతి. పేరు సుల్తాన్. తమ ఇంట్లో చూసుకోవడానికి ఎవరికీ తీరిక లేదన్నాడు. ఎక్కడ తిరిగి చేతిలో పెడతారోనని టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండానే సుల్తాన్ వాలకం మారిపోయింది. కర్ర మీద ఈ చివర నుంచి ఆ చివరకి... ఆ చివర నుంచి ఈ చివరకి... తల ఊపుకుంటూ తిరగడమే పని. తిరిగి తిరిగి ఆగి, రొమ్ము మీది ఈకలు తానే పీక్కునేది. చూస్తుండగానే పేరుకు సుల్తాన్, రూపానికి సగం ఒలిచిన కోడి అయింది.

పశువుల దవాఖానాకు తీసుకెళ్తే డాక్టరమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, ఒంట్లో రోగం లేదు, బెంగ ఉందంది. చోటు మారిన పక్షులు భయంతో ఇలా చేస్తాయంది. ఈకలతో ఆగక చర్మం కొరుక్కోవడం మొదలుపెడితే బతకదని కూడా చెప్పింది. ఆ ఇంటికి సుజన కూడా కొత్తే. పొద్దంతా మాట్లాడే తోడు ఆ బోడి రొమ్ము పక్షి ఒక్కటే.

పంజరాన్ని హాల్లో గోడ మూలకు జరిపింది. వెనకా పక్కలా గుడ్డ కప్పింది. కొరుక్కోవడానికి చింతకొమ్మలు, మక్క కంకులు కట్టింది. రోజూ ఒకే వేళకు తిండి, ఒకే వేళకు దీపం ఆర్పడం. మురళీకృష్ణ కూడా తన వంతు సాయం చేశాడు. అది ఈక పీకినప్పుడల్లా చప్పట్లు కొట్టి "హుష్" అనేవాడు. తనను మెచ్చుకుంటున్నారనుకుందో ఏమో, సుల్తాన్ ఇంకో నాలుగు పీకేది.

ఒక రాత్రి దీపం ఆర్పి పడుకున్నారు. హాల్లోంచి ఒక గొంతు...

"ఉన్నవా...?"

ముసలి గొంతు. ఆడమనిషిది. అలసిపోయి, మంచంలో పడి ఉన్న మనిషి అడిగినట్టు.

కాసేపు ఆగి మళ్లీ — "ఉన్నవా...?"

మురళీకృష్ణ శాస్త్రీయ దృక్పథం మొత్తం దుప్పట్లో దూరింది. సుజన ఆలోచించి గుసగుసగా చెప్పింది.

"చిలుకేనండీ. పాత ఇంట్లో ఎవరో పెద్దామె అట్ల అడిగేదేమో."

దుప్పట్లోంచి తల బయటికొచ్చింది. తనూ అదే అనుకున్నానని చెప్పింది ఆ తల.

అది మొదలు ప్రతి రాత్రీ అదే మాట. ఒకసారి కాదు, తెల్లవారేదాకా. పొద్దున చూస్తే పంజరం అడుగున గుప్పెడు ఈకలు. ఒకనాడు రొమ్ము మీద నెత్తురు చుక్క కూడా కనిపించింది. సుజన ఆ రోజు అన్నం తినలేదు.

ఎదురింటి జంపక్క చెవిన ఆ గొంతు పడనే పడింది. సాయంత్రానికి నిప్పుల కుండతో వచ్చి, ఎండుమిరపకాయలు, సాంబ్రాణి కలిపి హాలంతా పొగ పెట్టింది.

"పలకకు బిడ్డా. పలికినవా... రమ్మని పిలిచినట్టే."

దెయ్యం సంగతేమో గానీ సుల్తాన్‌కు ఊపిరాడలేదు. నోరు తెరిచి రొప్పుతూ పంజరం అడుగున పడింది. సుజనకు ఎక్కడలేని కోపం వచ్చింది. కుండ లాక్కుపోయి వాకిట్లో బోర్లించింది. అంత సాంబ్రాణి ఎవరు కొనిచ్చారని ఆరా తీస్తే, ఫోటో అడిగే పెద్దమనిషే తలొంచుకున్నాడు.

పక్షి తేరుకున్నాక ఆమె డాక్టరమ్మకు ఫోన్ చేసింది. పక్షులు తమవాళ్లు దగ్గరున్నారో లేదో తెలుసుకోవడానికి పిలుస్తాయి, బదులు రాకపోతే బెదిరిపోతాయని చెప్పింది ఆవిడ. సుజనకు విషయం బోధపడింది. పాపం ఇది రాత్రంతా అడుగుతోంది. పలకకూడదని ఇంటిల్లిపాదీ నోళ్లు కుట్టుకు కూర్చున్నారు. ఇక అది ఈకలు పీక్కోక ఏం చేస్తుంది?

ఆ రాత్రి గొంతు వచ్చింది.

"ఉన్నవా...?"

మురళీకృష్ణ చెయ్యి వచ్చి ఆమె నోటికి అడ్డం పడింది. ఆమె దాన్ని తీసి పక్కన పెట్టింది.

"ఉన్నా. పండుకో."

మళ్లీ ఆ రాత్రి ఒక్క మాట లేదు. పొద్దున పంజరంలో ఒక్క ఈక లేదు.

ఇక అదే అలవాటయింది. రోజూ అది అడగడం, ఈమె చెప్పడం, అందరూ నిద్రపోవడం. సుల్తాన్ తిరుగుడు తగ్గింది. బోడి రొమ్ము మీద కొత్త ఈకలు ముళ్లలా పొడుచుకొచ్చాయి. సుజన వాటిని చూసి కళ్లు తుడుచుకుంది. మురళీకృష్ణ ఆఫీసులో ఈ వైద్యాన్ని తానే కనిపెట్టినట్టు చెప్పుకుని తిరిగాడు.

ఒక ఆదివారం నాగచైతన్య వచ్చాడు. ఈసారి టీ తాగాడు. అది ముసలి గొంతుతో మాట్లాడుతుంది, మీ నాయనమ్మ గొంతేనా అని మురళీకృష్ణ మురిసిపోతూ అడిగాడు. నాగచైతన్య పకపకా నవ్వాడు.

"మాట్లాడ్డమేంటిరా? రెండేళ్లు తలకిందులుగా తపస్సు చేశాం. ఒక్క మాట పలకలేదు. మూగ చిలుకని ఎవరు మేపుతారనేగా నీకిచ్చింది? మా ఇంట్లో ముసలమ్మలు కూడా లేరు."

ఆ రాత్రి దీపం ఆర్పలేదు. పంజరం మీది గుడ్డ తీసేశారు. మొగుడూ పెళ్లాం హాల్లోనే గోడకానుకుని కూర్చున్నారు. సుల్తాన్ ఒంటికాలి మీద నిలబడి, తల వీపు ఈకల్లో దాచుకుని నిద్రపోతోంది. దాని ముక్కు కూడా కనబడటం లేదు.

రోజూ వచ్చే వేళకు... పంజరానికి ఎదురుగా ఉన్న వంటింటి చీకట్లోంచి —

"ఉన్నవా...?"

ఇన్నాళ్లూ తాను ఎవరికి బదులు చెప్పిందో, ఆ పక్షి ఏం చూసి ఈకలు పీక్కుందో సుజనకు అప్పుడు తెలిసింది. ఈసారి ఆమె చెయ్యే ఆమె నోటికి అడ్డం పడింది.

"ఉన్నవా...?" గొంతు ఈసారి గడప దగ్గరికి వచ్చింది.

సుల్తాన్ తల బయటికి తీసింది. వంటింటి వైపు ఒకసారి చూసింది. నోరు విప్పి — అచ్చం సుజన గొంతుతో...

"ఉన్నా. పండుకో."

గడప దగ్గరి గొంతు ఆగిపోయింది. సుల్తాన్ మళ్లీ తల ఈకల్లో పెట్టుకుని నిద్రపోయింది.