అక్క పేరు మీది కార్డు

కొంతం చౌక్ నుంచి భవానీ పేటలోకి తిరిగితే మూడో గల్లీలో, మరమగ్గాల షెడ్డు మీద ఒక మేడ గది ఉండేది. అదే జ్ఞానోదయ వాచనాలయం. కింద పన్నెండు మగ్గాలు ఖటాఖట్ ఖటాఖట్‌మని నడుస్తుంటే పైన పుస్తకాల అల్మారాలు సన్నగా వణికేవి. ఏ పుస్తకం తెరిచినా పేజీల మధ్య దూది నూగు. గంజి వాసన, పాత అట్టల వాసన, కిటికీలోంచి ఎవరింట్లోనో పల్లీలు వేయిస్తున్న వాసన. కొత్తవాళ్ళు ఆ చప్పుడులో పది నిమిషాలు కూర్చుంటే తల పట్టుకుని లేచేవాళ్ళు. ద్రౌపదికి మాత్రం ఆ చప్పుడు ఆగితేనే చదువు సాగేది కాదు.

ద్రౌపదికి ఇరవై ఒకటి. ఏడో తరగతితో బడి మానేసి బీడీల చాట ముందు కూర్చుంది. మిగతా చదువంతా ఈ మేడ మీదే. తునికాకు కత్తిరిస్తూ కూడా పక్కన పుస్తకం తెరిచి, పేజీ ఎగరకుండా దారపుండ బరువు పెట్టి చదివే పిల్ల. వాళ్ళమ్మ బాలమణి తిట్టీ తిట్టీ అలిసిపోయింది.

అయితే, ఆమె చదివిన అన్ని పుస్తకాల్లో ఒక్కటీ ఆమె పేరు మీద లేదు.

వాచనాలయంలో ఇంటికి ఒకటే కార్డు. వాళ్ళింటి కార్డు అక్క చంద్రభాగది, పన్నెండేళ్ళప్పుడు ముచ్చటపడి తీసుకుంది. మూడేళ్ళ కిందట అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఒకేసారి కామెర్లు వచ్చాయి. ఒకే చాప మీద పక్కపక్కన పడుకున్నారు. తొమ్మిదో నాడు ద్రౌపది లేచింది. చంద్రభాగ లేవలేదు. కర్మకాండలు అయిపోయాక ద్రౌపది అక్క కార్డు పట్టుకుని మేడ మెట్లెక్కింది. వాచనాలయం చూసుకునే గంగాధర్ సారు కార్డు చూశాడు, పిల్ల మొహం చూశాడు, పుస్తకం రాసిచ్చాడు. సంతకం పెట్టే గడిలో ద్రౌపది 'చంద్రభాగ' అని రాసింది.

అందులో తప్పేముందని ఆ పేటలో ఎవరూ అడగరు. పక్కింటి సుందరాబాయి వాళ్ళత్త పోయి తొమ్మిదేళ్ళు. బీడీ కార్ఖానాలో ఆమె కార్డు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. "పేరు ఎవలదైతేంది, చెయ్యి నడిస్తె సాలు" అంటుంది సుందరాబాయి. కొత్త కార్డంటే కాళ్ళరిగేలా తిరగాలి. పోయినవాళ్ళ కార్డయితే తయారుగా ఉంటుంది. ద్రౌపది బీడీలు చుట్టి ఇచ్చేదీ చంద్రభాగ కార్డు మీదే.

తొంభై నాలుగు ఎండాకాలంలో వాచనాలయానికి కంప్యూటర్ వచ్చింది. ఎవరో చద్దర్ల వ్యాపారి తన ఆఫీసులో పాతబడిందాన్ని దానమిచ్చాడు. పుణెలో కంప్యూటర్ చదువు చదువుతున్న పేట కుర్రాడు ఆంజనేయులు దాన్ని మేజా మీద పెట్టి, నలుగురినీ పిలిచి చెప్పాడు.

"ఇది ఉత్త పుస్తకాల లిస్టు గాదు. నేను రాసిన ప్రోగ్రాం ఉన్నది ఇండ్ల. చదివేటోళ్ళ మనసు నేర్చుకుంటది. ఎవలు ఏమేం చదివిన్రో అన్నీ ఎక్కిస్తె, ఇగ ముంగట ఏం అడుగుతరో అదే చెప్తది."

పేపరు చదవడానికి రోజూ వచ్చే నర్సప్ప చెవి మీది బీడీ సర్దుకున్నాడు. "అరే, నా పెండ్లాం ముప్పయ్యేండ్ల సంది నా మనసు నేర్చుకుంటున్నది. ఆమెకే రాలే, ఈ డబ్బకొస్తదా?"

అందరూ నవ్వారు. ఆంజనేయులు నవ్వలేదు. కార్డులన్నీ ఎక్కించే పని ఒప్పుకున్నది ద్రౌపదే కాబట్టి, వెళ్ళేముందు ఆమెతో ఒక్క మాటన్నాడు. "ఇది అడిగినదానికి నిజమే చెప్పు చెల్లె. దీనికి కండ్లు లెవ్వు. నువ్వు ఏది చెప్తె అదే నమ్ముతది."

తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు వచ్చేవి. ప్రతి కార్డుకూ చివర ఒకే ప్రశ్న: ఈ పాఠకులు ఉన్నారా, లేరా? లేరంటే కార్డు రద్దు.

అక్క కార్డు వచ్చినప్పుడు ద్రౌపది వేలు ఆగింది.

"సార్... ఏం నొక్కమంటరు?"

గంగాధర్ సారు కళ్ళద్దాల మీంచి చూశాడు. "నడుస్తున్న కార్డే గద పిల్లా. ఉన్నరనే నొక్కు."

నొక్కింది. నొక్కగానే గుండె తేలికపడ్డట్టయింది. ఎక్కడో ఒకచోట, ఒక డబ్బాలోనైనా, అక్క ఉన్నట్టే కదా అనుకుంది.

రెండు నెలలకు యంత్రం చీటీలు ఇవ్వడం మొదలుపెట్టింది. మనిషి మెట్లెక్కి రాగానే కార్డు నంబరు కొడితే చాలు, పక్కనున్న ప్రింటరు కర్ర్ కర్ర్‌మని ఒక పుస్తకం పేరు అచ్చువేసేది. నర్సప్ప తన చీటీ చూసుకుని నోరు తెరిచాడు. "నేను మనసులనే అనుకున్న. దీనికెట్ల ఎరుకైంది?" ఆ తర్వాత ఆయన ఆ మేజా దగ్గరికి రాలేదు.

చంద్రభాగ చీటీలు మొదట్లో ద్రౌపది కోరుకున్నవే. తర్వాత ఒక శనివారం మిషను కుట్టు నేర్పే పుస్తకం వచ్చింది. ద్రౌపదికి సూది పట్టడమంటేనే విసుగు. కుట్టు పిచ్చి అక్కకుండేది. అయినా ఊరికే తీసుకుపోయింది. వారం తిరక్కుండానే అమ్మ పాత చీర చింపి రవిక కుట్టేసింది. ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. బాలమణి ఆ రవిక చేతిలోకి తీసుకుని కుట్టు మీద వేలు పెట్టి చాలాసేపు తడిమింది.

"అచ్చం చంద్ర చెయ్యే" అంది.

దీపావళికి వారం ముందు, కార్డులెక్కించిన పనికి మెచ్చుకోలుగా, వాచనాలయం కమిటీ వాళ్ళు ఇంటికొక కార్డు అనే నియమం పక్కనబెట్టి ద్రౌపదికి సొంత కార్డు ఇచ్చారు. గంగాధర్ సారు నల్లసిరాతో గుండ్రంగా పేరు రాసి చేతికిచ్చాడు. "ఇగో పిల్లా. ఇగ నీ పేరు మీదనే తీస్కపో."

ద్రౌపది ఆ కార్డును వాసన చూసింది. సిరా ఇంకా పచ్చిగా ఉంది. లోకంలో తన పేరు రాసి ఉన్న వస్తువు అదొక్కటే.

ఆ రోజు కరెంటు కోత. ఏడింటికి పేటంతా లైటు పోతుంది. ఇంకా ఇరవై నిమిషాలుంది. సారు అవతలి మూల పేపరు మడతపెడుతున్నాడు. ఒక్కటే కార్డు కదా, ఎక్కించేసి పోదామని ద్రౌపది కూర్చుంది. పేరు కొట్టింది. ఇల్లు కొట్టింది. ఇష్టమైన పుస్తకాలు అడిగితే పది పేర్లు కొట్టింది.

యంత్రం ఆలోచించింది. ఎప్పుడూ అంతసేపు తీసుకోదు. కిందనున్న మగ్గాల చప్పుడుకు మేజా వణుకుతోంది... తర్వాత ఒక్కో అక్షరమే వచ్చింది.

ఈ పాఠకురాలు కొత్త కాదు.

చంద్రభాగ, ద్రౌపది. ఇల్లు ఒకటే. కోరిక ఒకటే. ఇద్దరూ ఒకరే. ఒకరినే ఉంచాలి. ఉన్నది ఎవరు?

ఒకటి, చంద్రభాగ. రెండు, ద్రౌపది.

అక్కను ఇప్పుడు నిజంగా తీసెయ్యాలి. తన చేత్తోనే. "ఏమనుకోకక్కా" అని గొణిగి, రెండు నొక్కింది.

ద్రౌపది చదివిన పుస్తకాలు: సున్నా. ఉన్నట్టు ఆధారం లేదు.

మళ్ళీ రెండు నొక్కింది.

చంద్రభాగ ఉన్నారని చెప్పింది మీరే.

నిజమే. తనే చెప్పింది. మూడేళ్ళుగా ప్రతి గడిలో తనే సంతకం పెట్టింది. వేలు మళ్ళీ రెండు మీదికి పోయింది... ఇంకా నొక్కలేదు... నొక్కకముందే తెర మీద వచ్చింది.

ద్రౌపదిని తీసేశాను.

ఆంజనేయులు ఆ ప్రోగ్రాంలో రాసిన మాటలన్నీ ఆమెకు కంఠస్థం. వాటిలో యంత్రం 'నేను' అని తన గురించి చెప్పుకునే మాట ఒక్కటీ లేదు.

ఠక్కున లైటు పోయింది. కింద మగ్గాలు ఒక్కసారే ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం చెవుల్లో దూది కుక్కినట్టు దిగింది. చీకట్లో ఎక్కడో దూరంగా ఒక కుక్క మొరిగి, మధ్యలోనే మానేసింది.

సారు అగ్గిపుల్ల గీసి మైనపువత్తి వెలిగించాడు.

"చంద్రా, ఆ కిటికీలెయ్యి బిడ్డా."

తడబడి అన్నాడనుకుంది. "సార్... నేను ద్రౌపదిని."

మైనపువత్తి వెలుగులో ఆయన మొహంలో కోపం లేదు. జాలి ఉంది.

"మల్ల మొదలువెట్టినవా తల్లీ?" మెల్లగా అన్నాడు. "పోయిన పిల్ల పేరు దీపాలు వెట్టే యాల్ల తియ్యద్దు."

"నా కార్డు సార్! మీరే రాసిచ్చిన్రు... ఇగో..."

చేతిలో కార్డుంది. నంబరుంది. వత్తి దగ్గరికి పట్టుకుని చూసింది. పేరు రాసే గీత మీద ఏమీ లేదు. వేలితో రుద్దింది. సిరా తడి కూడా లేదు.

గబగబా మెట్లు దిగింది. ఏదో ఒకటి దొరుకుతుంది, దొరకాలి, అనుకుంది. బీడీల కార్డు? అక్క పేరు. వాచనాలయం రిజిస్టరు? అక్క సంతకం. చుట్టిన బీడీలు, చదివిన పుస్తకాలు, మూడేళ్ళ పగళ్ళు, అన్నీ అక్క ఖాతాలోనే ఉన్నాయి. తనది ఏముంది? ఏముంది తనది...

గల్లీలో మనుషులు అరుగుల మీదికి వచ్చి కూర్చున్నారు. సుందరాబాయి గడపలో కందిలి వెలిగిస్తోంది.

"ఏందే చంద్రా, దెయ్యం పట్టినట్టు ఉరుకుతున్నవ్?"

"సుందరత్తా... నా పేరేంది? జర చెప్పత్తా."

సుందరాబాయి పకపకా నవ్వింది. "పొగాకు తలకెక్కిందానే? రేపు నన్నే అడుగుతవ్, అత్తా నాకు పెండ్లయిందా అని!" కందిలి పైకెత్తింది, పిల్ల మొహం బాగా చూద్దామని. ఆమె చూపు ద్రౌపది మొహం దాటి భుజం వెనక్కి పోయింది. అక్కడే ఆగింది.

నవ్వు ఆగిపోయింది.

"చంద్రా..." గుసగుసగా అంది. "ఎన్కకు సూడకు. సీదా ఇంటికి పో."

గడపలో ఉన్న మనవరాలి రెక్క పట్టి లోపలికి గుంజి తలుపు వేసుకుంది.

ద్రౌపది వెనక్కి చూసింది. అరుగుల మీది మనుషులు కూడా ఎప్పుడు లోపలికి పోయారో, ఖాళీ గల్లీ. మూసిన షెడ్లు. ఎవరూ లేరు. కాని వినిపించింది... వెక్కిళ్ళు. ఎవరో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు. ఆమె నడిస్తే దగ్గరగా వస్తున్నాయి. ఆగితే ఆగుతున్నాయి.

పరుగెత్తింది.

ఇంట్లో బాలమణి పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె కాలుస్తోంది. ద్రౌపది వెళ్ళి ఆమె ఒళ్ళో పడింది.

"అవ్వా... నేనెవర్నే? నిజం చెప్పవ్వా. నేనెవర్ని?"

బాలమణి పిండి చేత్తోనే ఆమె చెంప నిమిరింది. ఆ చెయ్యి ప్రేమగానే ఉంది. చిన్నప్పటి నుంచి ఎరిగిన చెయ్యే.

"ఎవలవేంది? నా చంద్రవు. నాకు మిగిలిన ఒక్క బిడ్డవు."

అప్పుడు తలుపు తట్టారు.

గట్టిగా కాదు. వేళ్ళతో. మూడుసార్లు.

"అవ్వా..."

ద్రౌపది తలుపు వైపు తిరిగింది. ఆ గొంతు తనది. తన గొంతే, తలుపు అవతల.

"అవ్వా, నేనే... ద్రౌపదిని. తలుపు తియ్యవ్వా. సలి వెడుతున్నది."

కాదు, నేనిక్కడున్నాను, ద్రౌపదిని నేనే అని అరవబోయింది. పెదవులు కదిలాయి. లోపల ఏమీ లేదు. ఊపిరి వచ్చింది, మాట రాలేదు. మాటలన్నీ తలుపు అవతలే ఉన్నాయి.

బాలమణి ఆమె నోటి మీద చెయ్యి పెట్టింది. పిండి, పొగాకు వాసన.

"ఊకో బిడ్డా," చెవిలో అంది. "పలుకకు. ఎప్పుడూ పలుకకు. జరసేపు పిలిచి అదే పోతది. మూడేండ్ల సంది పోతలేదా?"

బయట తట్టడం ఆగింది.

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. పెనం మీద రొట్టె మాడుతున్న వాసన. తల్లీబిడ్డలిద్దరూ కదల్లేదు.

తర్వాత, తలుపు సందుకు పెదవులు ఆనించి చెప్పినట్టు, చాలా దగ్గరగా, ఆ గొంతు ఈసారి అమ్మను పిలవలేదు.

"అక్కా..."